రెండంతస్తుల చాకిరేవు

ముసురు పట్టి నాలుగు రోజులైంది. సోఫా మీద తువ్వాళ్లు, డైనింగ్ కుర్చీల మీద స్కూలు యూనిఫామ్‌లు, బెడ్‌రూమ్ తలుపు మీద చొక్కాలు! ఫ్యాను కింద వేలాడేసిన జీన్స్ ప్యాంటు మాత్రం ఆరీ ఆరనట్టే ఉంటుంది. దగ్గరికెళ్తే అదో ముక్కిన వాసన. జులై నుంచి సెప్టెంబరు దాకా బాచుపల్లిలో ఏ ఫ్లాటు తలుపు తట్టినా కాస్త అటూఇటూగా ఇదే దృశ్యం. పోనీ డాబా మీద ఆరేద్దామా అంటే అక్కడ నీళ్ల ట్యాంకులు, సోలార్ పలకలు. బాల్కనీలో దండెం కడదామా అంటే పావురాల వల. పైగా కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో ముందు బాల్కనీలో బట్టలు కనపడకూడదని అసోసియేషన్ వారి ఆజ్ఞ!

2016లో బాచుపల్లి మండలమైంది. 2017లో పక్కనే మియాపూర్‌కి మెట్రో వచ్చింది. 2019లో నిజాంపేట కార్పొరేషన్లో కలిసింది. ఈలోగానే పెరట్లో దండేలు కట్టుకునే ఊరు కాస్తా పెరడే లేని అపార్ట్‌మెంట్ల ఊరైపోయింది. ఐటీ ఉద్యోగాలకి వెళ్లొచ్చే జంటలకి బట్టలుతకడం ఇప్పుడో సమస్య కాదు. ఆరేయడమే సమస్య. అందుకే వాషింగ్ మెషిన్ నెత్తిన డ్రయ్యరు పెట్టుకునే పద్ధతి మీద చాలామంది కన్ను పడింది. రెండడుగుల చోటులోనే రెండు పనులూ అయిపోతాయి. వినడానికి బాగానే ఉంది. కానీ ఇందులో షోరూమ్‌లో తేలే విషయాలు తక్కువ. మన వంటింటి వెనకున్న యుటిలిటీలో తేలేవే ఎక్కువ!

అసలు అవసరమా?

డ్రయ్యరు కొనే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. హైదరాబాద్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 80 సెంటీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు మధ్యే పడుతుంది. మిగతా నెలల్లో ఎండకి కొదవేం లేదు. ఏప్రిల్‌లో అయితే చీర ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. ఇంట్లో పసిపాప ఉన్నా, మంచం పట్టిన పెద్దవాళ్లున్నా, ఇద్దరూ షిఫ్టుల్లో పనిచేస్తున్నా డ్రయ్యరు అక్కరకొస్తుంది. వాళ్లకి దుప్పటి ఇవాళే ఆరాలి, రేపు కాదు. మిగతావాళ్లు ఒకసారి తమ పాత మెషిన్ ఎంత వేగంతో పిండుతోందో చూసుకోవడం మంచిది.

ఎందుకంటే ఐదు కిలోల నూలు బట్టల్ని నిమిషానికి 800 చుట్లతో పిండితే వాటిలో సుమారు మూడున్నర లీటర్ల నీళ్లు మిగులుతాయి. అదే 1200 చుట్లయితే రెండున్నర లీటర్ల పైచిలుకే. అంటే వేగం పెంచగానే దాదాపు లీటరు నీళ్లు తగ్గిపోయాయన్నమాట. ఆ లీటరుని ఆవిరి చేసే కరెంటు మిగిలినట్టే. ఫ్యాను కింద ఆరేసినా సగం రోజు కలిసొస్తుంది. టాప్‌లోడ్ పాతబడి ఎలాగూ మార్చాలనుకుంటున్నవారు ముందు 1200 చుట్లు తిరిగే ఫ్రంట్‌లోడ్ తీసుకుని, ఒక వానాకాలం గడిపి చూడండి. డ్రయ్యరు మాట అప్పుడైనా ఆలోచించుకోవచ్చు. ఎలాగూ కింద ఉండాల్సింది ఫ్రంట్‌లోడే. టాప్‌లోడ్ మూత పైకి తెరుచుకుంటుంది కాబట్టి దాని నెత్తిన ఏదీ నిలవదు.

ఒకే మెషిన్ ఉతికి ఆరబెట్టేస్తుందట కదా, రెండెందుకూ అంటారా? వాషర్ డ్రయ్యర్ అని అమ్మేది అదే. దాని లెక్క జాగ్రత్తగా చదవాలి. ఉతకడం 8 కిలోలని రాసుంటే ఆరబెట్టడం 5 కిలోలే ఉంటుంది. ఉతికాక కొన్ని బట్టలు తీసి పక్కన పెట్టి, మిగతావి ఆరబెట్టాలి. మొత్తం తతంగానికి ఐదారు గంటలు పడుతుంది. అంతసేపూ రెండో విడతకి మెషిన్ ఖాళీ ఉండదు. కొన్ని రకాలు ఆవిరిని చల్లార్చడానికి మళ్లీ కుళాయి నీళ్లే వాడుకుంటాయి. ట్యాంకర్లు కొనుక్కునే అపార్ట్‌మెంట్లలో ఇదెంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. ఇద్దరే ఉండే ఇంట్లో ఫరవాలేదు కానీ, నలుగురున్న ఇంటికి విడివిడి మెషిన్లే మేలు.

మూడు రకాలు... ఒక లెక్క

డ్రయ్యర్లలో అన్నిటికన్నా చవకైనది వెంటెడ్ రకం. బట్టల్లోంచి వచ్చిన వేడి ఆవిరిని నాలుగంగుళాల గొట్టంతో బయటికి వదిలేస్తుంది. గ్రిల్ మాత్రమే ఉన్న యుటిలిటీలో దీంతో పేచీ లేదు. యూపీవీసీ కిటికీలు బిగించేసిన చోట గొట్టానికి దారి చేయకపోతే మాత్రం ఆ తేమంతా గోడలకే పడుతుంది. రెండు వానాకాలాల్లో బూజు గ్యారంటీ! రెండోది కండెన్సర్ రకం. ఇది ఆవిరిని లోపలే నీరుగా మార్చి డబ్బాలోకి పంపుతుంది. మూడోది హీట్ పంపు. ఫ్రిజ్‌లోలాగే ఇందులోనూ కంప్రెసర్ ఉంటుంది. వాడిన వేడినే మళ్లీ వాడుకుంటుంది కనుక కరెంటు సగానికి సగం తక్కువ. బట్టల మీద వేడి కూడా తక్కువే. టైము మాత్రం ఎక్కువ తీసుకుంటుంది. నిండా వేస్తే రెండున్నర, మూడు గంటలు.

షోరూమ్‌లో అందరూ హీట్ పంపే తీసుకోమంటారు. నిజమే, మంచిది. కానీ ఓ లెక్క వేద్దాం. నిండా బట్టలేస్తే కండెన్సర్ రకానికి నాలుగున్నర యూనిట్లు, హీట్ పంపుకి రెండు యూనిట్లు అనుకుందాం. యూనిట్‌కి 9 రూపాయలు వేసుకుంటే విడతకి 22 రూపాయల తేడా. వానాకాలం నాలుగు నెలలే వాడితే, నెలకి 12 విడతల చొప్పున ఏడాదికి మిగిలేది వెయ్యి రూపాయల పైమాట. రెంటి ధరల మధ్య ఇరవై వేల తేడా ఉంటే అది తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. మెషిన్ అన్నేళ్లు బతకాలి కదా! అదే ఏడాది పొడవునా నెలకి 16 విడతలు వేసే ఇల్లయితే ఐదేళ్లలోనే తీరిపోతుంది. కాబట్టి రేటు కాదు, మీ ఇంట్లో ఏడాదికి ఎన్ని విడతలో చూసుకుని ఎంచుకోండి.

అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లకి మరో మాట. అక్కడి మామూలు మెషిన్ల వెడల్పు 27 అంగుళాలు. 24 అంగుళాలవాటిని కాంపాక్ట్ అంటారు. ఇక్కడ మనకి దొరికే సాధారణ ఫ్రంట్‌లోడ్‌లన్నీ 60 సెంటీమీటర్లే, అంటే దాదాపు 24 అంగుళాలే. వాళ్ల కాంపాక్టే మన మామూలు సైజన్నమాట! అక్కడి మెషిన్‌ని కంటైనర్లో తెచ్చుకోవాలన్న ఆశ ఉంటే మానుకోండి. కరెంటు వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రెండూ వేరు.

టేపు పట్టుకుని రండి

ఒక్కో మెషిన్ ఎత్తు 85 సెంటీమీటర్లు. రెండూ కలిస్తే 170, అంటే ఐదడుగుల ఏడంగుళాలు. కింద నాలుగంగుళాల దిమ్మె కడితే ఆరడుగులకి ఒక్క అంగుళమే తక్కువ! ఏడడుగుల దగ్గర సజ్జ ఉంటే ఇబ్బంది లేదు. కానీ చాలా యుటిలిటీల్లో ఐదున్నర అడుగుల ఎత్తులో గీజరో, కిటికీ పైన ఎగ్జాస్ట్ ఫ్యానో ఉంటుంది. వెనక గొట్టాలకి నాలుగంగుళాలు, ముందు తలుపు తెరుచుకోవడానికి రెండడుగులు వదలాలి. వంటింట్లోంచి యుటిలిటీకి వెళ్లే తలుపు ఫ్రేము లోపలి కొలత కూడా చూడండి. మెషిన్ లిఫ్టులో ఐదో అంతస్తుకి వచ్చి, చివరి తలుపు దగ్గర ఆగిపోతే చూడాలి తమాషా!

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. డ్రయ్యరు బటన్లు ఐదుంబావు అడుగుల ఎత్తుకి వెళ్లిపోతాయి. ఐదడుగులుండే అత్తగారు గానీ, పనమ్మాయి గానీ మునివేళ్ల మీద నిలబడాల్సిందే. వాటిని ఎవరు వాడతారో వాళ్లనే షోరూమ్‌కి తీసుకెళ్లండి. ఈ ఇబ్బంది కనిపెట్టే ఎల్‌జీ 2020లో బటన్లన్నీ మధ్యలో పెట్టి రెండు మెషిన్లనీ ఒకే నిలువు పెట్టెగా తెచ్చింది. దానికి ధర ఎక్కువ. ఒకటి చెడితే రెండూ కదలాలి.

రెంటి మధ్య స్టాకింగ్ కిట్ తప్పనిసరి. ఇదో ఇనుప లేదా ప్లాస్టిక్ ఫ్రేము. దీన్ని స్క్రూలతో బిగిస్తేనే పైది జారకుండా ఉంటుంది. ఒక కంపెనీ కిట్ ఇంకో కంపెనీ మెషిన్‌కి సరిపోతుందని నమ్మకండి. ఒకే కంపెనీలో కూడా మోడల్ నంబర్లు సరిచూసుకోవాలి. కింది మెషిన్ లోతు 55 సెంటీమీటర్లు, పైది 65 అయితే కూర్చోదు. అలాగే పైన ఉండేది ఎప్పుడూ డ్రయ్యరే. వాషింగ్ మెషిన్లో కాంక్రీటు బరువులుంటాయి, నీళ్లుంటాయి, విపరీతంగా తిరుగుతుంది. దాని చోటు నేల మీదే.

నీళ్లు, నేల, కరెంటు

యుటిలిటీ నేల వంపుగా ఉంటుంది. నీళ్లు నహానీ ట్రాప్‌లోకి పోవాలని మేస్త్రీ కావాలనే అలా కడతాడు. ఒక్క మెషిన్‌కైతే కాళ్లు తిప్పి సరిచేస్తారు. ఆరడుగుల దొంతరకి మాత్రం ఆ కాస్త వంపే పైన రెండు మూడింతలై కనిపిస్తుంది. అందుకే సిమెంటు దిమ్మె కట్టించి, రసమట్టం పెట్టి చూడటం ఉత్తమం. చక్రాల స్టాండ్ల జోలికి అసలు పోవద్దు. దిమ్మె వల్ల మరో లాభమూ ఉంది. వానజల్లుకి చేరే నీళ్లు మెషిన్ అడుగుకి తగలవు. అడుగున ఎలుకల జాలీ బిగించడం మర్చిపోవద్దు. బాచుపల్లి ఎలుకలకి ఫ్రంట్‌లోడ్ కింది వైర్లంటే మహా ఇష్టం.

నీళ్లు పోయే గొట్టాన్ని నేలమీద ట్రాప్‌లో వదిలేసే అలవాటు మనది. అలా చేస్తే కొన్ని మెషిన్లలో ఎక్కే నీళ్లు ఎక్కినట్టే జారిపోతాయి. కుళాయి ఆగదు, ఉతకడం మొదలుకాదు. గొట్టం కొన రెండడుగులకి తగ్గకుండా, మూడడుగులకి మించకుండా గోడకున్న పైపులోకి వెళ్లాలి. డ్రయ్యరు నీళ్లని కూడా అదే పైపుకి కలపమనండి. లేదంటే విడతకోసారి నాలుగు లీటర్ల డబ్బాని తలకన్నా ఎత్తులోంచి దించి పారబోయాలి. ఆ నీళ్లు మొక్కలకి, ఇల్లు తుడవడానికి పనికొస్తాయి. డిస్టిల్డ్ వాటరే కదా అని ఇన్వర్టర్ బ్యాటరీలో మాత్రం పోయకండి. అందులో పీచు, సబ్బు ఉంటాయి.

పై అంతస్తువాళ్లకి మరో చిక్కు ఉంది. పది మీటర్ల ఎత్తునుంచి దిగితే నీళ్ల ఒత్తిడి సుమారు ఒక బార్. ట్యాంకు నెత్తి మీదే రెండు మూడు మీటర్ల ఎత్తులో ఉంటే 0.2, 0.3 బార్ దాటదు. కొన్ని మెషిన్లు ఒక బార్ అడుగుతాయి. కొనే ముందే మాన్యువల్‌లో ఆ అంకె చూసుకోవాలి. లేదంటే చిన్న ప్రెజర్ పంపు బిగించాలి.

ఇక బోరు నీళ్లు. సంపులో బోరు, ట్యాంకరు, మంచినీళ్లు మూడూ కలిసిపోయే అపార్ట్‌మెంట్లలో గట్టిదనం ఎంతో ఊహించడం కష్టం. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేనప్పుడు 600. మీ నీళ్లు ఓసారి పరీక్ష చేయించండి. కుళాయికి బిగించే స్కేల్ ఫిల్టరు గట్టినీళ్లని మెత్తబరచదు, హీటరుకి సున్నం పట్టడాన్ని తగ్గిస్తుందంతే. నెలకోసారి డీస్కేలింగ్ పొడి తప్పదు. ఒక్క ఊరట ఏంటంటే ఉప్పునీళ్లలో ఉతికి ఎండేస్తే అప్పడంలా బిగుసుకుపోయే తువ్వాలు డ్రయ్యర్లోంచి మెత్తగా వస్తుంది.

కరెంటు దగ్గర పిసినారితనం పనికిరాదు. కింది హీటరు 2000 వాట్లు, పైన కండెన్సర్ డ్రయ్యరు 2500 వాట్లు అనుకుంటే మొత్తం 20 యాంపుల దాకా వెళ్తుంది. ఒకే 16 యాంపుల పవర్ ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ వేసి రెండూ నడిపితే కరిగేది ప్లగ్గే. రెంటికీ వేర్వేరు లైన్లు, వేర్వేరు ఎంసీబీలు, ఎర్తింగు, షాక్ కొడితే ఆగిపోయే ఆర్‌సీసీబీ ఉండాలి.

నూనె గుడ్డలతో జాగ్రత్త

అమెరికాలో 2008–10 మధ్య బట్టల డ్రయ్యర్ల వల్ల ఏడాదికి సుమారు 2,900 ఇళ్లలో మంటలు చెలరేగాయని అక్కడి అగ్నిమాపక సంస్థ లెక్క తేల్చింది. వాటికి మొదటి కారణం శుభ్రం చేయకపోవడం. లింట్ ఫిల్టర్లో చేరే పీచుని ప్రతి విడత తర్వాతా తీసేయాలి. మన ఇళ్లలో అంతకన్నా జాగ్రత్త పడాల్సింది ఇంకోటి ఉంది. పసిపిల్లలకి నూనె రాసి తుడిచిన గుడ్డలు, తలంటు తువ్వాళ్లు, వంటింటి మసిగుడ్డలు! ఉతికినా వాటిలో నూనె కొంత మిగులుతుంది. వేడిగా కుప్పపోసి వదిలేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని దండేనికే వదిలేయండి. పట్టుచీరలు, గంజి పెట్టిన నూలు చీరలు, కొత్త కాటన్ కుర్తాలు కూడా ఆ పెట్టెలోకి వెళ్లకూడదు. లేబుల్ మీద చతురస్రంలో గుండ్రం ఉంటే వెయ్యొచ్చు, దానిమీద ఇంటూ గుర్తుంటే వద్దని అర్థం.

బిగించే రోజు మనిషి దగ్గరే ఉండండి. దార్లో డ్రమ్ము ఊగకుండా వాషింగ్ మెషిన్ వెనక పెద్ద బోల్టులు బిగించి పంపుతారు. అవి తీయకుండా తిప్పితే మెషిన్ గదంతా నడుస్తుంది. ఇక పైదాని సంగతి తల్చుకోనక్కర్లేదు. హీట్ పంపు డ్రయ్యరైతే నిలబెట్టాక కనీసం రెండు గంటలు ఆగి స్విచ్ వేయాలి. మొదటిసారి బట్టల్లేకుండా కింది మెషిన్ తిప్పించి, పిండే సమయంలో పైదాని మీద చెయ్యి పెట్టి చూడండి. సన్నటి వణుకు సహజం. గ్లాసులో నీళ్లు తొణికేంత ఊపు ఉంటే టెక్నీషియన్‌ని పంపేయకండి, మళ్లీ రసమట్టం పెట్టించండి.

విప్పిన ఆ బోల్టుల్ని పారేయకుండా ఓ కవర్లో వేసి, పైన పేరు రాసి సజ్జ మీద దాచండి. అద్దె ఇల్లు మారే రోజున ప్యాకర్స్ వాళ్లు మొదట అడిగేది వాటినే.