పంటి పాచి – పుచ్చు పన్ను

ఉదయమున లేవగానే పాచి పండ్లు తోముకొననిదే ఏమియు నోట వేయరాదను ఆచారము మన పల్లెలలో అనాదిగా నున్నది. అది మంచి ఆచారమే. కాని రాత్రి భోజనానంతరము నోరు పుక్కిలించి పండుకొనువారే మనలో అధికము. పండ్లు పుచ్చుటకు ఇది ముఖ్యమైన కారణము.

పాచి యనగా పంటిలో చిక్కుకొన్న మెతుకులు కాదు. కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్లకొలది చేరి పంటిపై అల్లుకొన్న జిగురు పొర. బెల్లము, పంచదార, బిస్కత్తులు మొదలగు వానిలోని తీపిని తిని ఈ జీవులు ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటి పైపొరను కరగించును. నోటిలో ఊరు లాలాజలము ఆమ్లమును విరిచి, పంటికి జరిగిన నష్టమును కొంత పూడ్చును. అందుకు సుమారు అరగంట మొదలు గంట వరకు పట్టును. బిడ్డ మాటిమాటికి చాక్లెట్టు చప్పరించుచున్నచో ఆ వ్యవధి చిక్కదు. నిద్రలో లాలాజలము మిక్కిలి తగ్గును గనుక రాత్రివేళ పాచికి అడ్డుండదు.

మొదట పంటిపై తెల్లని మచ్చ కానవచ్చును. అప్పుడే జాగ్రత్తపడినచో పన్ను కోలుకొనవచ్చును. గుంట పడిన పిమ్మట వైద్యుడు పూడ్చవలసినదే. పంటిలో పురుగు ఉండదు. పొగపట్టి పురుగును రాల్చెదమనువారిని నమ్మరాదు.

సుమారు ఆరవ యేట పాలపండ్ల వెనుక నాలుగు పెద్ద దంతములు మొలచును. ఏ పన్నును ఊడకయే వచ్చుటచే తల్లిదండ్రులు వానిని పాలపండ్లని ఉపేక్షింతురు. అవి జీవితాంతము ఉండవలసిన దంతములు. పోయినచో మరల మొలవవు.

కావున ఉదయమును, రాత్రి పండుకొనబోవు ముందును, రెండేసి నిమిషములు ఫ్లోరైడు గల పేస్టుతో పండ్లు తోమవలెను. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆరేండ్ల వరకు బఠాణి గింజంత పేస్టు చాలును. చిన్నపిల్లలకు పెద్దలే తోమవలెను. ఇటుక పొడి, బొగ్గు పొడి పంటిని అరగదీయును. తీపి తినదలచినచో భోజనముతోనే తినుట మేలు. పాలసీసా నోటనుంచి పసిబిడ్డను నిద్రపుచ్చరాదు.

త్రాగునీటిలో ఫ్లోరైడు హెచ్చినచో పండ్లపై గోధుమరంగు మచ్చలు ఏర్పడును. అది వేరు వ్యాధి. అది మన దేశమున 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో వెల్లడియైనది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. అట్టి ప్రాంతములలో బోరు నీటిని పరీక్ష చేయించుట పంచాయతీ కర్తవ్యము.

పాఠశాలలో మధ్యాహ్న భోజనానంతరము పిల్లలు నోరు కడుగుకొనుటకు కుళాయి ఏర్పరచుట, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వైద్యునిచే ఏటేట పిల్లల దంతములు పరీక్షింపజేయుట, ఆశా కార్యకర్తల ద్వారా తల్లులకు ఈ విషయము తెలుపుట పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు. వీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ముందుగా తమ యింట రాత్రిపూట పండ్లు తోమెడి అలవాటును నెలకొల్పవలసినదని సభ్యులకు మనవి చేయుచున్నాము. పెద్దల నడవడిని చూచి ఊరు అనుసరించును.