మాలపిల్లకు మార్గమెవరు వేసిరి?

1925వ సంవత్సరమున విడుదలయిన 'జాయ్‌లెస్ స్ట్రీట్' అను జర్మన్ మూకచిత్రమున దర్శకుడు పాబ్‌స్ట్, మొదటి ప్రపంచయుద్ధానంతరము వియన్నా నగరమును క్రుంగదీసిన ద్రవ్యోల్బణమును, మాంసపు దుకాణము ముంగిట రాత్రివేళ బారులు తీరి నిలిచిన స్త్రీల ముఖములలో చూపెను. ఆ దుకాణపు కసాయి, ప్రక్కన పెద్ద కుక్కతో నిలిచి, ఎవరికి మాంసము దొరకవలెనో తానే నిర్ణయించును. అట్టి సామాజిక సమస్యాచిత్రము మనకు లభించునప్పటికి తెలుగు సినిమాకు మాటలు వచ్చి ఆరేండ్లు గడచినవి.

అప్పటివరకు అధికభాగము పురాణపురుషుల కాటపట్టయి యుండిన తెలుగు తెరపైకి, గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో 'మాలపిల్ల'ను తెచ్చిరి. కథ చలముగారిది, తాపీ ధర్మారావుగారి సంభాషణలు జనుల నోట నాడు వాడుకమాటలలో నడచినవి, గాంధీజీపై బసవరాజు అప్పారావుగారు రచించిన గీతమును అందు చేర్చిరి. 1936లో తిరువాన్కూరు మహారాజు ఆలయప్రవేశ ప్రకటన గావించిన పిమ్మట దేశమంతట రగులుచున్న వివాదమే చిత్రములోని కల్యాణపుర గ్రామమున చెరువునీటి తగవుగా, గుడితలుపుల తగవుగా రూపొందినది. ఛాందసుడైన సుందరరామశాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావుగారు నటించిరి; శాస్త్రిగారి కుమారుడు వలచిన మాలపిల్ల సంపాలతగా కాంచనమాల నటించెను. ప్రేమికులు ఊరు విడిచి కలకత్తా చేరుదురు.

ఇంతవరకు కథ నిర్భయముగనే నడచును గాని, ముగింపునకై అగ్నిప్రమాద మొకటి అవసరమయినది: మంటలలో చిక్కిన శాస్త్రిగారి భార్యను హరిజనుడొకడు రక్షింపగా గాని ఆయన మనస్సు మారలేదు. ప్రాణమొడ్డి పరీక్షలో నెగ్గినవానికే మనుష్యత్వము నొప్పుకొనుట న్యాయమా యని నాకు సందేహము. పాబ్‌స్ట్ సైతము ఇట్టి చిక్కునుండి తప్పించుకొనలేదు; గ్రేటా గార్బో ధరించిన పాత్రను పతనమునుండి ఉద్ధరించుటకు ఒక అమెరికన్ సైనికాధికారిని అతడు తెచ్చుకొనవలసి వచ్చెను.

'మాలపిల్ల'ను నిర్మించిన సారథీ ఫిలిమ్స్ సంస్థయే మరుసటి యేడు 'రైతుబిడ్డ'ను తీసి జమీందారీ దౌర్జన్యమును బయలుపెట్టగా, జమీందారు లాగ్రహించిరి. కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధింపబడినది. విచిత్రమేమనగా, ఆ సంస్థకు అండగా నిలిచినవారును జమీందారే, చల్లపల్లి రాజావారు.