నీళ్ల మీటరుకు పరీక్ష పెట్టేదెవరు?

ఆ మధ్య ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ సోమశిల వెళ్లాం. కొల్లాపూర్ దాటి ముందుకు పోతే కృష్ణమ్మ విశాలంగా కనిపిస్తుంది. అవి శ్రీశైలం ప్రాజెక్టు వెనుక జలాలు. పాత గుడి ముంపులో పడుతుందని సోమేశ్వరస్వామిని ఎత్తైన చోట తిరిగి ప్రతిష్ఠించారు. దర్శనం చేసుకుని రేవుకు దిగాం. అక్కడ ఒక పెద్దమనిషి నీళ్లలో పెన్ను లాంటి పరికరం ముంచి శ్రద్ధగా చూస్తున్నాడు. పక్కన నాలుగేళ్ల మనవడు.

"చూడు సార్, మూడు వందల లోపే చూపిస్తున్నది. ఐదు వందల దాక మంచియేనంట. మా బోరు నీళ్లకంటె ఇవే నయం" అన్నాడు. నేను నోరు తెరిచేలోగానే పిల్లవాడు ఒక గ్లాసు నీళ్లు తాగేశాడు.

నేను డాక్టరునని తెలిసి ఫోను నంబరు తీసుకున్నాడు. మూడోనాడు ఫోను చేశాడు. "పోరనికి నిన్నటి సంది విరేచనాలు సార్. మిషిన్ అబద్ధం చెప్పిందా?"

ఓఆర్‌ఎస్ ద్రావణంతో, జింకు మాత్రలతో పిల్లవాడు కోలుకున్నాడు. ఆ విరేచనాలు ఆ గ్లాసు నీళ్ల వల్లే వచ్చాయని నేను రుజువు చేయలేను. కాని ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఇవాళ ఎన్నో ఇళ్లలో ఆ పెన్ను ఉంది. ఆర్‌ఓ మిషను అమ్మడానికి వచ్చినవాడి జేబులోనూ ఉంది. అందుకే ఈ వారం దాని గురించే చెప్పుకుందాం.

పెన్ను చెప్పేది ఏమిటి?

ఆ పెన్నును టీడీఎస్ మీటరు అంటారు. నీటిలో కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో అది అంచనా వేస్తుంది. నిజానికి అది లవణాలను నేరుగా కొలవదు. నీటిగుండా విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి అంకె చూపిస్తుంది. ఒక కంపెనీ 0.5తో హెచ్చవేస్తే, మరొక కంపెనీ 0.7తో హెచ్చవేస్తుంది. అందుచేత ఒకే గ్లాసు నీళ్లు ఒక పెన్నులో 500 అని, ఇంకొక పెన్నులో 700 అని కనిపించవచ్చు. రెండూ చెడిపోలేదు!

భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ప్రమాణం ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది. వేరే నీరు దొరకని చోట 2,000 దాకా అనుమతిస్తారు. ఇది ఉప్పదనం లెక్క మాత్రమే. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే సూక్ష్మజీవులు లక్షల్లో ఉన్నా ఆ అంకె కదలదు. మన ప్రాంతంలో ఎముకలనూ పళ్లనూ తినేసే ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. అది 3 మిల్లీగ్రాములకు పెరిగినా మొత్తం లవణాల లెక్కలో ఎక్కడో కలిసిపోతుంది. ఆ పెన్ను అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగని ప్రశ్నకు మనమే జవాబు ఊహించుకున్నాం.

పసుపు రంగు చేసిన మోసం

నవ్వుకోకండి. ఇలాంటి పొరపాటు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెలో విరేచనాలు మొదలయ్యాయి. మంచినీటి ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు వేయించాం. కుళాయి నీటిలో క్లోరిన్ ఉందో లేదో చూడడానికి అప్పట్లో ఆర్థోటాలిడిన్ అనే మందు వాడేవాళ్లం. రెండు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీరు పసుపుపచ్చగా మారుతుంది. మా గొట్టంలో పసుపు రంగు వచ్చింది. నీరు బాగుందని రాసి సంతకం పెట్టాను.

కేసులు తగ్గలేదు. అయిదో రోజున ఒక ముసలమ్మను దక్కించుకోలేకపోయాం.

ఆ తరువాత ప్రయోగశాల నుంచి ఒక అనుభవజ్ఞుడు వచ్చాడు. ఆయన మా నీటిని పరీక్షించలేదు. ముందు మా కిట్టును పరీక్షించాడు. ఎంత క్లోరిన్ ఉందో తనకు మాత్రమే తెలిసిన మూడు సీసాలు మా ముందు పెట్టి, "ఇవి చూసి చెప్పండి" అన్నాడు. మూడింటిలో రెండు తప్పు చెప్పాం. మందు పాతబడింది. పైగా రంగును వెంటనే చూడాల్సింది పోయి, పావుగంట ఆగి చూస్తున్నాం. మురుగు కలిసిన నీటిలో క్లోరిన్ అమ్మోనియాతో కలిసి బలహీనపడుతుంది. ఆ బలహీనమైన క్లోరిన్ కూడా ఆలస్యంగా పసుపు రంగు ఇస్తుంది. అంటే పైపులోకి మురుగు చేరుతున్న సంగతిని ఆ రంగే మాకు దాచిపెట్టింది. పైపు తవ్వితే పగులు దొరికింది.

కొలిచే సాధనాన్ని ముందు కొలవాలి. ఆ ముసలమ్మ నాకు నేర్పిన పాఠం ఇదే. ఇప్పుడు ఆర్థోటాలిడిన్ బదులు గులాబి రంగు ఇచ్చే డీపీడీ మాత్రలు వచ్చాయి. ఇవి మెరుగైనవే. కాని వీటికీ ఒక లోపం ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబి రంగు వచ్చినట్టే వచ్చి వెలిసిపోతుంది. తెలియనివాడు క్లోరిన్ లేదనుకుని ఇంకా బ్లీచింగ్ గుమ్మరిస్తాడు!

అమ్మేవాడి మాట చాలదు

కిరాణా కొట్టులో తూకపు రాయికి ప్రభుత్వ ముద్ర ఉందా అని చూస్తాం. రాయి చేసినవాడే దానికి ముద్ర వేసుకుంటానంటే ఒప్పుకుంటామా? నీటి పరికరాలకూ అదే న్యాయం. తయారుచేసినవాడు కాక, లాభనష్టాలతో సంబంధం లేని మూడోవాడు పరీక్షించాలి.

ఇది ఎంత అవసరమో బంగ్లాదేశ్ అనుభవం చెబుతుంది. అక్కడ గొట్టపు బావుల్లో ఆర్సెనిక్ విషం ఉన్నట్టు 1993లో బయటపడింది. లక్షలాది బావులను చిన్న కిట్లతో పరీక్షించారు. విషమున్న బావికి ఎర్రరంగు, మంచి బావికి ఆకుపచ్చ రంగు వేశారు. కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అవే నీళ్లను ప్రయోగశాలలో పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. తప్పు రంగు పడిన బావులు చాలా కనిపించాయి. ఆకుపచ్చ రంగు చూసి నమ్మకంగా నీళ్లు తోడుకున్న తల్లి పరిస్థితి ఊహించండి.

మురుగునీటి సంగతి మరీ ముఖ్యం. మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో 17 రకాల పరిశ్రమలను, తాము వదిలే నీటిని ఇరవైనాలుగు గంటలూ కొలిచే యంత్రాలు పెట్టాలని ఆదేశించింది. మంచి పనే. కాని మురుగులో మునిగి ఉండే యంత్రానికి కొన్నాళ్లకే పాచి పడుతుంది, జిగురు పడుతుంది, అంకె మెల్లగా పక్కకు జరుగుతుంది. తెరమీద మాత్రం అంకె దర్జాగా వెలుగుతూనే ఉంటుంది. అందుకే ఇంగ్లండులో ఎంసర్ట్స్ అనే పద్ధతి ఉంది. దాని కింద ఇలాంటి యంత్రాలను ముందు ప్రయోగశాలలో, ఆపైన నిజమైన నీటిలో పరీక్షిస్తారు. ఒకే నీటికి పదిసార్లు ఒకే అంకె చూపిస్తుందా? ఎండకూ చలికీ మారుతుందా? వేరే పదార్థం కలిస్తే తికమకపడుతుందా? శుభ్రం చేయకపోతే ఎన్నాళ్లకు దారి తప్పుతుంది? ఇవన్నీ చూశాకే ధ్రువపత్రం ఇస్తారు.

ఇంట్లో మీరు చేయదగినవి

టీడీఎస్ పెన్ను ఉంటే పారేయనక్కరలేదు. ఆర్‌ఓ మిషను పనితీరు చూసుకోవడానికి పనికివస్తుంది. దాని నిజాయితీ తెలుసుకోవాలంటే, అంకె రాసి అమ్మే ప్రామాణిక ద్రావణంలో అప్పుడప్పుడూ ముంచి చూడండి. తేడా ఎక్కువగా ఉంటే సరిచేయించండి. ముంచే ముందు కొనను మంచినీళ్లతో కడగాలి.

కుళాయి నీటిలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. కిట్టు కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. ఎండ తగిలే కిటికీలో పెట్టకండి. రంగును చీటీలో రాసిన సమయానికే చూడండి.

నీరు నల్లబడితే మలినం కలిసిందని చెప్పే చిన్న సీసాలు దొరుకుతాయి. ఈ హైడ్రోజన్ సల్ఫైడు పరీక్షను 1982లో మన దేశపు శాస్త్రజ్ఞులే లోకానికి తెలిపారు. వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లబడితే ఆ నీరు కాచకుండా తాగవద్దు. నల్లబడకపోయినా పూర్తి భరోసా అనుకోవద్దు. పరీక్ష అయిన సీసాలో బ్లీచింగ్ ద్రావణం పోసి, పిల్లలకు అందకుండా పారబోయండి.

బోరు నీరు తాగేవారు ఏడాదికి ఒకసారైనా ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో ఫ్లోరైడు, నైట్రేటు, సూక్ష్మజీవుల పరీక్ష చేయించండి. సూక్ష్మజీవుల పరీక్షకు ప్రయోగశాల ఇచ్చే శుద్ధమైన సీసాలోనే నీరు పట్టి, ఐసులో పెట్టి వీలైనంత త్వరగా అందించాలి.

ఎవరైనా పరికరం అమ్మడానికి వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఇది కొలిచేది ఏమిటి? కొలవలేనిది ఏమిటి? మీరు కాక ఇంకెవరు పరీక్షించారు? మూడోదానికి నీళ్లు నమిలితే ఆ పరికరం కొనకండి.

అనుమానం తీరేదాకా నీటిని తెర్లేలా ఒక నిమిషం కాచి, చల్లార్చి, మూత పెట్టి తాగండి. కాచినందువల్ల ఫ్లోరైడు మాత్రం పోదని గుర్తుంచుకోండి.

సోమశిల పెద్దమనిషి మొన్న మళ్లీ ఫోను చేశాడు. "పెన్ను ఉంచుకున్న సార్. కాని పోరనికి కాచిన నీళ్లే తాపుతున్న" అన్నాడు. నాకు అంతకంటే కావలసిందేముంది!