ల్యాబ్‌లో సేవ్ చేసిన ఫైలు ఎక్కడ ఉంటుంది?

ఒక పాఠశాల ల్యాబ్‌లో మేము చేసిన పొరపాటుతో మొదలుపెడతాం. పదో తరగతి అమ్మాయి ఒకరోజు నాలుగో నంబరు కంప్యూటర్‌పై ప్రాజెక్టు టైపు చేస్తోంది. మధ్యలో సర్వర్‌తో కనెక్షన్ తెగింది. అయినా ఫైలు సేవ్ అయింది, తెరపై ఏ తేడా కనిపించలేదు. మర్నాడు తొమ్మిదో నంబరు దొరికింది. తెరిచి చూస్తే నిన్నటి పేజీలు లేవు. "సేవ్ చేశాను సార్" అంటే మేము నమ్మలేదు. ఆమె మళ్లీ మొదటి నుంచి టైపు చేసుకుంది. తప్పు ఆమెది కాదు, ల్యాబ్‌ను సిద్ధం చేసిన మాది.

జరిగింది ఇది. విండోస్‌లో 'ఆఫ్‌లైన్ ఫైల్స్' అనే సదుపాయం ఉంది. సర్వర్‌లోని ఫైలుకు ఒక నకలును కంప్యూటర్ తన దగ్గర ఉంచుకుంటుంది. కనెక్షన్ లేనప్పుడు మనం చేసిన మార్పులు ఆ నకలులోకి వెళ్తాయి, తిరిగి వచ్చాక సర్వర్‌కు చేరతాయి. దీన్నే సింక్ అంటారు. ఒకే మనిషి వాడే ల్యాప్‌టాప్‌కు ఇది ఎంతో మేలు. ల్యాబ్‌లో మాత్రం చిక్కు. సింక్ కాకముందే విద్యార్థి లేచి వెళ్లిపోతే, తిరిగి అదే కంప్యూటర్‌లో లాగిన్ అయ్యేదాకా ఆ మార్పులు అక్కడే ఉండిపోతాయి. ఈలోగా మరో కంప్యూటర్‌లో అదే ఫైలును మారిస్తే రెండు ప్రతులు తయారై, ఏది ఉంచాలో విండోస్ అడుగుతుంది. తెలియక పాతది ఎంచుకుంటే కొత్తది పోయినట్టే. పైగా కూర్చున్న ప్రతి విద్యార్థి నకళ్లతో డిస్కు నిండిపోతుంది.

అందుకే ఇప్పుడు మేము ఈ పద్ధతి పాటిస్తున్నాం.

ఒకటి: ల్యాబ్ కంప్యూటర్లలో ఆఫ్‌లైన్ ఫైల్స్ ఆపేశాం. ఉపాధ్యాయుల ల్యాప్‌టాప్‌లలో ఉంచాం. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను సర్వర్‌కు మళ్లిస్తే విండోస్ దానంతట అదే నకళ్లు ఉంచడం మొదలుపెడుతుంది. వద్దని గ్రూప్ పాలసీలో విడిగా చెప్పాలి. ఆపే ముందు సింక్ కావలసినవన్నీ పూర్తి చేయించాలి, లేకపోతే అవి లోపలే చిక్కుకుంటాయి.

రెండు: ఇప్పుడు కనెక్షన్ పోతే సేవ్ కావడం లేదన్న సందేశం వెంటనే వస్తుంది. పిల్లలు పెన్‌డ్రైవ్‌లో దాచుకుని, తర్వాత సర్వర్‌లోకి ఎక్కిస్తారు. తెలియకుండా పోవడం కన్నా తెలిసి ఆగడం మేలు.

మూడు: చాలాకాలంగా వాడని ప్రొఫైళ్లను రీస్టార్ట్ సమయంలో తొలగించే పాలసీ పెట్టాం. కాబట్టి డెస్క్‌టాప్‌పై ఏదీ దాచవద్దని గోడపై రాసి అంటించాం.

నాలుగు: సర్వర్‌తో పాటు నెట్‌వర్క్ స్విచ్‌కు కూడా యూపీఎస్ కలిపాం. సర్వర్ పనిచేస్తున్నా స్విచ్ ఆగితే ఫలితం ఒక్కటే.

ఐదు: సింక్ బ్యాకప్ కాదు. ఒకచోట చెరిపేస్తే రెండో చోటా చెరిగిపోతుంది. అందుకే సర్వర్ ఫైళ్లను రోజూ విడి డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో పెడుతున్నాం.

పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చే దాతలకు మా మనవి ఒక్కటే. యంత్రాలతో పాటు ఒక యూపీఎస్‌కు, ఒక బ్యాకప్ డిస్కుకు కూడా లెక్క వేయండి. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలకు ఆ ల్యాబ్ గంట మళ్లీ దొరకదు. వాళ్లు "సేవ్ చేశాను" అన్నప్పుడు ముందు యంత్రాన్ని చూద్దాం, ఆ తర్వాతే పిల్లల్ని అడుగుదాం.