వార్తల్లో పదం: పీహెచ్‌క్యూ-9

కుంగుబాటుకు కొత్త చికిత్స వచ్చిందన్న వార్తలో ‘స్కోరు తగ్గింది’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. చాలాసార్లు అది పీహెచ్‌క్యూ-9 స్కోరే. ఇది రక్తపరీక్ష కాదు, తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, పనిమీద ఆసక్తి ఎలా ఉన్నాయని అడుగుతారు. చివరిది, అడగడానికి అందరూ జంకేది, చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 10 లేదా అంతకుమించి వచ్చిందంటే డాక్టరు చూడాల్సిందే.

పశ్చిమగోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేపట్టిన ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పరిశోధనలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటా ఈ ప్రశ్నలు అడిగారు. అక్కడా హరియాణాలోనూ కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. యాప్ సాయంతో ఆశాలు, డాక్టర్లు వెంటబడి పట్టించుకున్న ఊళ్లలో ఏడాదికి మిగతా ఊళ్లకన్నా స్కోరు మరింత తగ్గింది. కొత్త మాత్ర ఏదీ లేదు. అసలు విశేషం అదే. పల్లె మండలాలకు పనికొచ్చే పద్ధతీ ఇదే. మానసిక వైద్యుడు ప్రతి ఊళ్లో ఉండడు, ఆశా ఉంటుంది.

మీకో, మీవాళ్లకో సాయం కావాలంటే టెలి-మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి. ఉచితం.