కాలు తగిలిన దగ్గర మొదలయ్యే వార్త

చుండూరు ఎందుకు జరిగిందని అడిగితే పేపరు చదివే చాలామంది ఇప్పటికీ ఒకటే జవాబు చెబుతారు. సినిమా హాల్లో దళిత యువకుడి కాలు రెడ్డి యువకుడికి తగిలింది, మాటా మాటా పెరిగింది, హత్యల దాకా పోయింది. కారంచేడు అంటే మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవ. 1985 జూలై 17న ఆరుగురిని చంపింది ఆ చెరువేనా? 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికింది ఆ కాలేనా? ఇంత పెద్ద నేరానికి ఇంత చిన్న కారణాన్ని మనకి నేర్పిందెవరని మేము అడుగుతున్నాం.

వార్తకి ఒక మొదలు కావాలి. విలేకరి భాషలో దాని పేరు 'సంఘటన'. ఎవరో ఎవరినో కొట్టారు, స్టేషన్లో కేసు నమోదైంది, అది సంఘటన. కూలికి పిలవకపోవడం సంఘటన కాదు. చుండూరులో సినిమా హాలు గొడవకీ హత్యలకీ మధ్య నెల రోజులున్నాయి. ఆ నెలంతా దళితుల్ని వెలేశారు, పనుల్లోకి రానివ్వలేదు. ఊళ్ళో పోలీసు పికెట్ కూడా ఉంది. అంటే దాడి రాబోతోందని ప్రభుత్వానికి తెలుసు. ఆ నెలని చెబితే హత్యలు ఆవేశంలో జరిగినవి కావని, ఏర్పాటు చేసుకుని చేసినవని పాఠకుడికి అర్థమవుతుంది. చదువుకుని, పెద్దరైతు ముందు తల వంచడం మానేసిన ఒక తరాన్ని లొంగదీసే ప్రయత్నమని కూడా అర్థమవుతుంది. కాలు దగ్గర మొదలుపెడితే ఇవేవీ కనపడవు. పైగా ముందు తప్పు దళితుడిదే అన్నట్టు మిగులుతుంది.

ఇక 'ఘర్షణ' అనే మాట. ఇద్దరూ కొట్టుకుంటే ఘర్షణ. పొలాలకు అడ్డంపడి పారిపోతున్నవాళ్ళని వెంటాడి చంపి, శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేస్తే అది వేట. చచ్చిన ఎనిమిదిమందీ దళితులే అయినప్పుడు 'ఇరువర్గాలు' ఎక్కడివి? మన తెలుగు వాక్యం కూడా దీనికి బాగా సాయపడుతుంది. 'హత్యకు గురయ్యారు' అంటే చాలు, చంపినవాడు వాక్యంలో ఉండనక్కర్లేదు. చచ్చినవాడి కులం పేరు రాస్తారు. చంపినవాడు మాత్రం 'ఒక సామాజిక వర్గం' అవుతాడు.

ఆడవాళ్ళు చనిపోతే కారణం ఇంకా చవకగా దొరుకుతుంది. 2006 సెప్టెంబరు 29న మహారాష్ట్ర భండారా జిల్లా ఖైర్లాంజీలో ఒకే దళిత కుటుంబంలో తల్లిని, కూతుర్ని, ఇద్దరు కొడుకుల్ని చంపేశారు. ముందు ప్రచారమైంది అక్రమ సంబంధం కథ. ఆ కుటుంబానికి భూమి గొడవ ఉందనీ, తల్లీ కూతుళ్ళు ఒక దాడి కేసులో సాక్ష్యం చెప్పారనీ బయటికి రావడానికి వారాలు పట్టింది. దళితులు వీధుల్లోకొచ్చాకే పెద్ద పత్రికలు అటు తిరిగి చూశాయి.

అదే 2006లో ఢిల్లీలో 37 హిందీ, ఇంగ్లీషు మీడియా సంస్థల్లోని 315 మంది సీనియర్ జర్నలిస్టుల సామాజిక నేపథ్యాన్ని యోగేంద్ర యాదవ్, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్ పరిశీలించారు. ఒక్క దళితుడూ, ఒక్క ఆదివాసీ కనపడలేదు. మన దగ్గర చుండూరు నాటికే జిల్లా పేజీలున్నాయి, ఊరి వార్తకి చోటు లేక కాదు. కానీ ఆ పేజీకి వార్త పంపే కంట్రిబ్యూటరు ఎవరు? చాలాచోట్ల ప్రకటనలు తెచ్చేదీ అతనే. ప్రకటన ఇచ్చేది ఊరి పెద్దరైతు, మిల్లు యజమాని. సమాచారం చెప్పేది ఎస్సై. అతను చెడ్డవాడని మేము అనటం లేదు. గూడెంలోకి వెళ్ళి అడగాల్సిన అవసరం ఆ ఉద్యోగంలో అతనికి రాదు.

2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపారు. ఇక్కడ కాలూ లేదు, చెరువూ లేదు. ఉన్నది మడ్డువలస రిజర్వాయరు కోసం పరిహారమిచ్చి ప్రభుత్వం తీసుకున్న భూమి. ముంపుకి గురికాని చోట దళితులు సాగు చేసుకుంటున్నారు. అయినా వినపడిన మాట 'భూతగాదా'. పరిహారం తీసుకున్నవాడికి ఆ భూమి మీద తగాదా ఎలా ఉంటుంది?