రాతి గుళ్లను అచ్చేసిన రాయి

నైలు నది మధ్య ఫిలే ద్వీపంలో ఐసిస్ గుడి ఉండేది. దాని స్తంభాల మీద రంగులు పందొమ్మిదో శతాబ్దం దాకా నిలిచాయి. 1902లో ఆస్వాన్ ఆనకట్ట పూర్తయ్యాక గుడి ఏటా నెలల తరబడి నీళ్లలో నానింది, రంగులు కొట్టుకుపోయాయి. వాటి జాడ కావాలంటే డేవిడ్ రాబర్ట్స్ బొమ్మలు తిరగెయ్యాలి. 1838–39లో ఈజిప్టు, పాలస్తీనా తిరిగొచ్చిన ఈ స్కాట్లాండు చిత్రకారుడి బొమ్మలు 1842 నుంచి 1849 దాకా లండన్‌లో విడతలవారీగా అచ్చయ్యాయి. పేరంతా ఆయనకే దక్కింది. అందులో సగం ఒక రాయికీ, దాని మీద గీసిన మరో మనిషికీ దక్కాలని నా వాదన.

రాయి బవేరియాలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాయి. అలోయిస్ జెనెఫెల్డర్ అనే నాటక రచయిత తన రచనలు చవగ్గా అచ్చేసుకునే దారి వెతుకుతూ 1796లో దాన్ని పట్టుకున్నాడు. చాకలి పద్దు రాయడానికి కాగితం దొరక్క జిడ్డు సిరాతో రాతి మీదే రాశానని ఆయనే చెప్పుకున్నాడు. మరో రెండేళ్లు కుస్తీ పడితే అసలు కిటుకు దొరికింది: రాయిని చెక్కక్కర్లేదు, జిడ్డుకూ నీటికీ ఉన్న వైరం చాలు.

మైనం, సబ్బు, కొవ్వు, దీపపు మసి కలిపిన కడ్డీతో రాతి మీద బొమ్మ గీస్తారు. తుమ్మజిగురులో కాస్త నైట్రిక్ ఆమ్లం కలిపి పైన పూస్తారు. గీతలున్న చోట జిడ్డు నిలుస్తుంది, మిగతా చోట జిగురు పొర తడిని పట్టుకుంటుంది. రాయిని తడిపి జిడ్డు సిరా రోలరు దొర్లిస్తే సిరా గీతలకే అంటుతుంది. కాగితం పరిచి ప్రెస్సులో తోస్తే బొమ్మ కుడిఎడమలు మారి దిగుతుంది, కాబట్టి గీసేవాడు ముందే తిరగేసి గీయాలి.

రాగి రేకు మీద గీతలు చెక్కే పనిలో నీడ చూపాలంటే సన్నగీతలు వరసగా చెక్కుకుంటూ పోవాలి. రాతిని ఇసుకపోసి నూరితే గరుకు తేలుతుంది, ఆ గరుకు మీద కడ్డీ నడిస్తే చుక్కచుక్కలుగా నీడ పడుతుంది. పెచ్చులూడిన గోడ, మేట వేసిన ఇసుక, సాయంత్రపు మసక, అన్నీ దానికి తేలిక. శిథిలాలకు ఇంతకంటే నప్పే పనిముట్టు అప్పట్లో లేదు.

రాబర్ట్స్ బొమ్మల్ని రాతి మీద గీసినవాడు లూయీ హాగ్. బెల్జియంలో టూర్నేలో 1806లో పుట్టాడు. పుట్టుకతోనే కుడిచెయ్యి వంకర, పనంతా ఎడమచేత్తోనే. రాబర్ట్స్ పుస్తకాల్లోని 240కి పైగా బొమ్మల్లో దాదాపు అన్నిటినీ ఆయనే రాతికెక్కించాడు. ఇసుకఛాయ వంటి లేత రంగు కోసం రెండో రాయి వాడేవారు. వెలుగు కావాల్సిన చోట ఆ రాతిని గీకేస్తే కాగితం తెలుపే ఎండలా కనిపిస్తుంది. ఫిలే స్తంభాల రంగులు మాత్రం రాతివి కావు, ఖరీదైన ప్రతులకు మనుషులు కుంచెతో వేసినవి. పైగా రాబర్ట్స్ నాటకాల తెరలు రాసి పైకొచ్చినవాడు, ఆ అట్టహాసం బొమ్మల్లోనూ ఉంటుంది. సాక్ష్యంగా చూసేవాళ్లు ఈ రెండూ మరవకూడదు.

మన దేశపు గుహాలయాలు ఇదే దారిలో 1845లో లండన్ చేరాయి. నీలిమందు వ్యాపారం చేసిన జేమ్స్ ఫెర్గూసన్ స్కెచ్చుల్ని టి.సి. డిబ్డిన్ రాతి మీద గీశాడు. ఫెర్గూసన్‌కు అట్టహాసం కంటే కొలతల మీద మక్కువ. 1867లో ఆయనకు లండన్‌లో ఒక గుర్రపుబండ్ల కొట్టంలో పడివున్న అమరావతి స్తూపం పలకలు కనబడ్డాయి. గుంటూరు సీమలో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి అవి. విలియం గ్రిగ్స్ వాటిని ఫొటోలు తీశాడు. సాంచీ, అమరావతి శిల్పాలపై 1868లో ఫెర్గూసన్ తెచ్చిన పుస్తకంలో ఫొటోలూ రాతి అచ్చులూ పక్కపక్కనే ఉన్నాయి. ఫొటోలను ప్రతి ప్రతికీ విడిగా ముద్రించి అతికించాల్సి వచ్చేది, సిరాతో వేలకొద్దీ దిగేది రాతి బొమ్మే. ఫొటోనే రాతి మీదికి ఎక్కించి రంగుల్లో అచ్చేసే పద్ధతిని తర్వాత అభివృద్ధి చేసింది ఆ గ్రిగ్సే.